గోడ మీద హాల్ 9000: ఫ్రేమ్ అయింది, కన్ను మాత్రం కుదరడం లేదు

ఎర్రదీపం (హైదరాబాద్) | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా ఈ ఫోరంలో మీ అందరి పోస్టులూ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

"2001: ఎ స్పేస్ ఒడిస్సీ" సినిమాలో అంతరిక్ష ఓడను నడిపే కంప్యూటర్ హాల్ 9000 ఉంది కదా, దాని గోడ ప్యానెల్‌ని మా ఇంట్లో పెట్టుకోవాలని నాకు డిగ్రీ రోజుల నుంచీ కోరిక. గీతలు పడిన వీసీడీలో చూశాను అప్పుడు. ఆ కన్ను అప్పుడు పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు.

ఇంతవరకూ అయింది చెప్తాను. బయటి వెండి రంగు ఫ్రేమ్ కోసం కిటికీలు చేసే అల్యూమినియం సెక్షన్ షాపుకి వెళ్ళాను. మూలలు నలభై ఐదు డిగ్రీలకు కోసే మిషన్ వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటుంది. తుక్కులో ఉన్న ఎల్ యాంగిల్ ముక్కలు ఏరి నాలుగు కోతలు కోసి ఇచ్చారు, డబ్బులు వద్దన్నారు. 320 నంబరు ఎమరీ పేపర్‌ని చెక్కముక్కకు చుట్టి, స్కేలు ఆనించి, ఒకే దిక్కుకు లాగుతూ పోతే సన్నటి గీతల ఫినిషింగ్ వచ్చింది. అటూ ఇటూ రుద్దితే మాత్రం రాదు, ఒకవైపే లాగాలి. నల్ల పలకకి షాపు బోర్డులు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన మ్యాట్ నలుపు ఏసీపీ షీటు (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది). కింద జాలీ పాత స్పీకర్ బాక్సుది. పైన పేరుపలక, నీలం మీద ఇంగ్లీషు హెచ్, ఏ, ఎల్ అక్షరాల్లో "హాల్", నలుపు మీద "9000", వినైల్ కటింగ్ చేయించాను.

కన్ను దగ్గర ఆగిపోయాను. సీసీ కెమెరా డోమ్ మూత వెనక ఎర్ర ఎల్ఈడీ పెట్టి చూశాను. స్టెబిలైజర్ మీద వెలిగే ఇండికేటర్‌లా ఉంది. సినిమాలో ఆ ఎరుపు బావి అడుగున నీళ్ళు మెరిసినట్టు ఎక్కడో లోపల ఉంటుంది, మధ్యలో చిన్న పసుపు చుక్క. నాది పైన బొట్టు అతికించినట్టుంది. మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టాను. ఎవరైనా దారి చూపించండి.

గోదారిగట్టు (రాజమండ్రి) | శనివారం, రాత్రి 11:15

నేనా సినిమా చూడలేదండి. మాది హార్డ్‌వేర్ షాపు, నల్లా సామాన్లు, పైపులూ అమ్ముతాం. ఏసీపీ, ఎల్ యాంగిల్ అన్న మాటలు చూసి ఆగాను. అసలు సినిమావాళ్ళు ఆ కన్ను దేంతో చేశారండి? అది తెలిస్తే మన దగ్గర దొరికేదేదో ఆలోచించొచ్చు.

ఎర్రదీపం | ఆదివారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న అడిగారండి. సినిమా 1968 ఏప్రిల్‌లో వచ్చింది. తీసింది స్టాన్లీ కుబ్రిక్, కథ ఆయనా ఆర్థర్ సి. క్లార్కూ కలిసి రాశారు. షూటింగ్ చాలావరకు ఇంగ్లండులో, బోరెమ్‌వుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియోలో. గ్రాఫిక్స్ లేని రోజులు కదా, తెరమీద కనిపించేది ఏదైనా ఎవరో చేత్తో చేసి తీరాలి.

కన్నుగా పెట్టింది నిజమైన కెమెరా లెన్సు. నికాన్ వాళ్ళ 8 మి.మీ. ఎఫ్/8 ఫిష్‌ఐ నిక్కోర్, 1962లో వచ్చింది, 180 డిగ్రీలు చూస్తుంది. దాని వెనక భాగం కెమెరా లోపలికి ఎంతగా చొచ్చుకుపోతుందంటే, లోపలి అద్దాన్ని ముందే పైకి లేపి ఆపితే గానీ బిగించలేరు. హాల్ కంటితో మనుషుల్ని చూపించే షాట్లకి మాత్రం వేరే లెన్సు వాడారు. అది ఫెయిర్‌చైల్డ్-కర్టిస్, అడ్డం 8 అంగుళాలు, బరువు 14 కిలోల దాకా. గోడ మీది కన్ను సుమారు 3 అంగుళాలు. ఆ 3 అంగుళాలు ఒక్కటే నాకు చేతికి చిక్కిన కొలత. మిగతావన్నీ సినిమా స్టిల్‌ని ప్రింట్ తీయించి, స్కేలు పెట్టి నిష్పత్తితో లెక్కేశాను. నాకు 13 × 38 సెంటీమీటర్లు వచ్చింది.

ఇంకొక్క సంగతి. ఆ ప్యానెళ్ళలో ఒకటి 1970ల మొదట్లో లండన్ ప్యాడింగ్టన్‌లో ఒక పాత సామాన్ల కొట్లో తేలింది. లెన్సు లేదు, ఖాళీ బొక్క ఒక్కటే ఉంది. పక్కనే సినిమాలో హాల్ మెదడు గదికి వాడిన తాళంచెవి. రెండూ కలిపి పది షిల్లింగులకు (అర పౌండు) కొన్నారు. 2010లో క్రిస్టీస్ వేలంలో 17,500 పౌండ్లు పలికాయి. ఇప్పుడు మా బల్ల మీద ఉన్నది కూడా సరిగ్గా అలాగే ఉంది, అన్నీ ఉండి కన్ను ఉండాల్సిన చోట బొక్క.

ప్లస్‌మైనస్ (విజయవాడ) | ఆదివారం, ఉదయం 9:30

ముందు ఆ ఎర్ర ఎల్ఈడీ తీసెయ్ తమ్ముడూ. ఎర్ర ఎల్ఈడీలో ఎరుపు తప్ప ఇంకేమీ లేదు. నువ్వెంత మసక చేసినా, ఎంత పెంచినా పసుపు ఎక్కడి నుంచి వస్తుంది?

వార్మ్ వైట్ (పసుపు తిరిగిన తెలుపు) ఎల్ఈడీ తెచ్చుకో, 5 మి.మీ.ది చాలు. దాని ముందు బటర్ పేపర్ ఒక ముక్క. దాని ముందు ఎర్ర జిలటిన్ పేపర్ రెండు మడతలు. నాటకాల లైట్లకు కడతారే, అదే. ఆ జిలటిన్‌కి సరిగ్గా మధ్యలో వేడి సూదితో చిల్లు పెట్టు. చిల్లులోంచి వచ్చేది తెలుపు కాదు, వార్మ్ వైట్ కాబట్టి చుట్టూ ఎరుపు మధ్యన పసుపుగా కనిపిస్తుంది. రెండు దీపాలు అక్కర్లేదు, ఒకే దీపంతో రెండు రంగులు.

మొబైల్ ఛార్జర్ 5 వోల్టులు. తెల్ల ఎల్ఈడీ 3.2 వోల్టుల దాకా తింటుంది, మిగిలింది 1.8. ఇరవై మిల్లీఆంపులకి లెక్కేస్తే 90 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి, బజారులో 100 దొరుకుతుంది, అది వెయ్. మూడు వాట్ల ఎల్ఈడీ పెడదామని ఎవరైనా అంటే వినకు. మూసేసిన డబ్బాలో దాని వేడికి వారం తిరక్కుండా జిలటిన్ ముడతలు పడుతుంది. నేను మా అమ్మాయి ప్రాజెక్టుకి చేసి చూసినదే.

పాతస్టూడియో (తెనాలి) | ఆదివారం, మధ్యాహ్నం 3:10

ఎర్రదీపం గారూ, మీ పేరు చూసి ఈ చర్చలోకి వచ్చాను. ముప్పై ఒక్క సంవత్సరాలు డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కిందే పని చేశాను నాయనా. బ్రోమైడ్ పేపర్‌కి ఎరుపు కనిపించదు, అందుకని ఆ దీపం. ఇప్పుడు స్టూడియో లేదు. సామాను ఇంట్లో ఉంది.

మీకు కావలసింది డోమ్ కాదు. అది పలచటి ప్లాస్టిక్ మూత, లోపలేమీ గాజు లేదు, అందుకే లోతు రాదు. ఫొటో ఎన్‌లార్జర్‌లో (నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) బల్బుకీ నెగెటివ్‌కీ మధ్య కండెన్సర్ అని ఒక జత అద్దాలుంటాయి. ఒకవైపు చదును, ఒకవైపు బొద్దు, రెండు పొట్టలూ ఎదురెదురుగా పెట్టి ఉంటాయి. నా 35 మి.మీ. ఎన్‌లార్జర్‌లోవి 75 మిల్లీమీటర్లు. అంటే మీ మూడు అంగుళాలకి దగ్గర. ఒకటి మీకు పంపుతాను. అడ్రసు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి.

బొద్దు వైపు గదిలోకి, చదును వైపు లోపలికి ఉంచాలి. అద్దం అందగానే ఒక పని చేయండి. కిటికీకి ఎదురు గోడ దగ్గర నిలబడి, అద్దాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. బయట దూరాన ఉన్న చెట్టు తలకిందులుగా గోడ మీద స్పష్టంగా ఎక్కడ పడుతుందో ఆ దూరం కొలవండి. అదే దాని ఫోకస్. నాకు గుర్తున్నంతలో 12 సెంటీమీటర్లు. మీ జిలటిన్‌ని దానికి సగం దూరంలో, 6 సెంటీమీటర్ల దగ్గర పెడితే, చూసేవాడికి ఆ ఎరుపు 12 సెంటీమీటర్ల లోతున ఉన్నట్టు, రెండింతలు పెద్దదిగా కనిపిస్తుంది. బావి అన్నారే, ఆ బావిని గాజే తవ్వి ఇస్తుంది. చిల్లు కూడా రెండింతలవుతుంది కనుక సూది సన్నగా ఉండాలి.

ఎర్రదీపం | ఆదివారం, మధ్యాహ్నం 3:48

బాబాయ్ గారూ, ఏమనాలో తెలియడం లేదు. డబ్బు ఎంతో చెప్పండి, దయచేసి.

పాతస్టూడియో | ఆదివారం, సాయంత్రం 4:20

డబ్బు మాట ఎత్తకండి. అద్దం పెట్టెలో ఉండి ఏం చేస్తుంది. అంచు దగ్గర ఒక గీత ఉంది, ముందే చెప్తున్నాను.

లేత్‌మిషిన్ (బాలానగర్) | ఆదివారం, రాత్రి 8:55

అన్నా, మా దుకాణం బాలానగర్లనే. గ్లాసు చుట్టు అల్యూమినియం రింగు నేను తీసిస్త. ఒక్క మాట యాదిపెట్టుకో. గ్లాసు 75 అని చెప్పి బోరు 75 కొట్టద్దు, 75.2 కొట్టాలె. ఎండకాలం పెరుగుతది, చలికి బిగుసుకుంటది, గాజు అంచు చిట్లుతది. జరంత సందు ఉండాలె.

ఇంకోటి. లోపలి గొట్టం నున్నగ ఉంచకు. మెట్లు మెట్లుగ ఉండాలె, ఒకదాని లోపల ఒకటి. కెమెరా లెన్సుల చూడు, గట్లనే ఉంటది. నున్నగ ఉంటే ఎరుపు గోడలకు తగిలి అంత ఒక్కతీరు మెరుస్తది, నడుమ చుక్క కనపడది. మెట్ల మీద బ్లాక్‌బోర్డు పెయింట్ కొట్టు, ఆయిల్ పెయింట్ కొట్టకు, అది మెరుస్తది.

నీ నేమ్‌ప్లేట్ ఫొటో మా నాయినకు చూపిచ్చిన. ముప్పై ఏండ్లు విమానాల కంపెనీ హెచ్ఏఎల్ల చేసి రిటైర్ అయిండు. కండ్లద్దాలు పెట్టుకొని చూసి "ఇది మా కంపెనీదేనారా, ఏ డివిజన్‌ది?" అని అడిగిండు. నేను కథ మొత్తం చెప్పిన. పొద్దుగూకేదాక గదే ముచ్చట.

అర్బానా_తెలుగు (ఇల్లినాయ్) | సోమవారం, ఉదయం 6:40

లేత్‌మిషిన్ గారూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1964లో ఆ పేరుతో ఏర్పడింది, సినిమా 1968. ఆ మూడు అక్షరాలు వాళ్ళే ముందు రాసుకున్నారు.

అదే పేరుతో క్లార్క్ రాసిన నవలలో హాల్ అంటే "హ్యూరిస్టికల్లీ ప్రోగ్రామ్డ్ ఆల్గరిథమిక్ కంప్యూటర్". ఐబిఎం అక్షరాలకు ఒక్కొక్కటి వెనక్కి జరిపితే హాల్ వస్తుందని చాలామంది అంటారు గానీ, కావాలని పెట్టింది కాదని క్లార్క్ గట్టిగా చెప్పారు.

నేనుంటున్న ఊరే హాల్ పుట్టిల్లు. సినిమాలో తన పుట్టుక గురించి చెప్పుకునేటప్పుడు ఇల్లినాయ్‌లోని అర్బానా అంటుంది, 1992 జనవరి 12. నవలలో 1997. ఆ 1997లోనే ఇక్కడి యూనివర్సిటీలో హాల్ పుట్టినరోజు పేరిట సైబర్‌ఫెస్ట్ జరిపారు. ఎర్రదీపం గారు దాన్ని జనవరి 12న వెలిగిస్తే బాగుంటుందని నా కోరిక.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 10:05

లోపలి గొట్టానికి నా దగ్గర ఒక ఉపాయం ఉందండి. 75 ఎం.ఎం. పీవీసీ పైపు అన్నా, 75 ఎం.ఎం. కప్లర్ (రెండు పైపుల్ని కలిపే ముక్క) అన్నా ఆ 75 పైపు బయటి కొలత. కప్లర్ లోపలి కొలత దానికి సరిపడా ఉంటుంది. అంటే మీ అద్దం కప్లర్‌లో కూర్చుంటుంది. కప్లర్ లోపల సరిగ్గా మధ్యలో పైపు ఆగడానికి చిన్న గట్టు ఉంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. అద్దం చదును వైపు ఆ గట్టు మీద ఆనించండి. పైనుంచి పైపు రింగు ఒకటి కోసి నొక్కండి. జిగురు చుక్క అవసరం లేదు. కావాలంటే రేపు రింగు పీకి అద్దం తీసుకోవచ్చు. షాపులో పాత లెన్సు లేదు గానీ మా అబ్బాయి కళ్ళద్దం డబ్బాతో పెట్టి చూశాను, గట్టు బాగానే పట్టుకుంది.

ఎర్రదీపం | శుక్రవారం, రాత్రి 11:50

ఈ వారం సంగతి రాస్తున్నాను, మధ్యలో ఒక తప్పు జరిగింది.

బస్సు పార్శిల్లో అద్దం వచ్చింది. పాత దినపత్రిక, దాని లోపల ఫ్లానెల్ గుడ్డ, దాని లోపల ఫిల్మ్ డబ్బాల నల్ల కాగితం. విప్పేసరికి చేతిలో మంచుగడ్డ పెట్టుకున్నట్టు చల్లగా, బరువుగా ఉంది. బాబాయ్ గారు చెప్పినట్టు కిటికీ పరీక్ష చేశాను. ఎదురింటి వేపచెట్టు మా గోడ మీద తలకిందులుగా, ఆకులు ఊగుతూ కనిపించింది. మా పాప గంటసేపు అక్కడి నుంచి కదల్లేదు. కొలిస్తే 11.8 వచ్చింది.

గోదారిగట్టు గారి కప్లర్ పద్ధతే చేశాను. ముందువైపు పది మిల్లీమీటర్లు మిగిల్చి కప్లర్ కోసేశాను, అద్దం పొట్ట బయటికి పొంగి కనిపించాలని. లేత్‌మిషిన్ అన్న అల్యూమినియం రింగు దాని మీద టోపీలా కూర్చుంది. లోపలి మెట్లకు ఆయనే మూడు రింగులు తీసిచ్చారు. బ్లాక్‌బోర్డు పెయింట్ రెండు పూతలు.

తప్పు ఇక్కడే. జిలటిన్ పట్టే చట్రం కదులుతోందని, రాత్రి ఒంటిగంటకి నిద్ర ఆపుకుంటూ రెండు చుక్కల సూపర్ గ్లూ వేసి మూత పెట్టేశాను. పొద్దున చూస్తే అద్దం లోపలి వైపంతా బూజు పట్టినట్టు తెల్లటి పొర. గుండె జారిపోయింది. నాది కాని వస్తువు, ముప్పై ఏళ్ళు ఒకాయన జాగ్రత్తగా దాచిన వస్తువు. ఆరోజు ఆఫీసులో పని చేయలేకపోయాను.

పాతస్టూడియో | శనివారం, ఉదయం 5:35

కంగారు పడకండి. ఆ జిగురు ఆరేటప్పుడు ఆవిరి లేస్తుంది, గాలి ఆడని చోట అది తిరిగొచ్చి గాజు మీద పేరుకుంటుంది. గాజు లోపలికి దిగదు. ఎసిటోన్ దూదికి అద్ది, మధ్య నుంచి అంచుకి చుట్టూ తిప్పుతూ తుడవండి, ప్రతిసారీ కొత్త దూది. కానీ అద్దాన్ని పూర్తిగా బయటికి తీశాకే. ఎసిటోన్ ఒక్క చుక్క పీవీసీ మీద పడినా దాన్ని మెత్తబరుస్తుంది, పెయింట్ కూడా లేచిపోతుంది. ప్లాస్టిక్ అద్దమైతే ఈ వైద్యం పనికిరాదు. గాజు కాబట్టి బతికింది.

ఎర్రదీపం | శనివారం, ఉదయం 8:10

వచ్చేసింది బాబాయ్ గారూ! మొత్తం పోయింది. చట్రాన్ని ఇప్పుడు రెండు చిన్న స్క్రూలతో బిగించాను. లోపల ఇక ఏ జిగురూ లేదు.

ఇంతకుముందు వెలిగించాను. గదిలో లైటు తీసేసి కూర్చున్నాను. ఉంది, ఆ లోతు ఉంది. తల అటూ ఇటూ జరిపితే పసుపు చుక్క మెట్ల మధ్య నుంచి నా వెంట తిరుగుతోంది.

చంద్రిక_బడి (విశాఖపట్నం) | శనివారం, ఉదయం 11:25

అన్నయ్యగారూ, చాలా బాగుంది. మా స్కూలు సైన్స్ గదిలో పెట్టడానికి నేనూ ఒకటి చేద్దామనుకుంటున్నాను. మాట్లాడినప్పుడు కన్ను మినుకుమినుకుమంటే పిల్లలు సంబరపడతారు. చిన్న మైక్ మాడ్యూల్ పెట్టి గొంతుకు తగ్గట్టు వెలుగు పెంచడం, తగ్గించడం కష్టమా?

ఎర్రదీపం | శనివారం, మధ్యాహ్నం 12:40

కష్టం కాదు చెల్లెమ్మా, కానీ చేయొద్దని నా మనవి. ఈ ఒక్క విషయంలో నేను పట్టుబడతాను.

సినిమా మళ్ళీ చూడండి. హాల్ ఎంత మాట్లాడినా ఆ కన్ను మినుకుమనదు. శుభవార్త చెప్పినా అదే వెలుగు, ప్రాణం తీసినా అదే వెలుగు. మనుషుల కళ్ళు మనకు ఏదో ఒకటి చెప్పేస్తాయి. దీని కన్ను ఏమీ చెప్పదు, చూస్తూ ఉంటుంది అంతే. బొమ్మల షాపుల్లో దొరికేవాటిలో గొంతుతో పాటు వెలిగి ఆరే దీపం పెడతారు. అది పెట్టగానే అది మాట్లాడే బొమ్మ అయిపోతుంది, చూసే కన్ను కాకుండా పోతుంది. నేను ఇంత శ్రమా పడింది ఆ కదలని వెలుగు కోసమే.

చంద్రిక_బడి | శనివారం, మధ్యాహ్నం 1:15

మీరు చెప్పింది చదివి ఆ సీన్లు మళ్ళీ చూశాను. నిజమే. మినుకు వద్దు. కానీ గొంతు మాత్రం నాకు కావాలి, అదీ తెలుగులో. మా పిల్లలతో తెలుగే మాట్లాడాలి.

ప్లస్‌మైనస్ | శనివారం, మధ్యాహ్నం 2:00

గొంతుకి డీఎఫ్‌ప్లేయర్ మినీ అని చిన్న బోర్డు ఉంటుందమ్మా, మైక్రో ఎస్‌డీ కార్డులో ఎంపీ3లు వేసి ఒక బటన్ పెడితే చాలు. లైటుకీ దానికీ వేరువేరుగా తీగలు లాగు. స్పీకర్ గట్టిగా మోగినప్పుడు వోల్టేజీ పడి ఎల్ఈడీ వణుకుతుంది, అన్నయ్యకి నచ్చని మినుకు అక్కడి నుంచే వస్తుంది. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కరెంటు ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య అడ్డంగా పెట్టు, ఆగిపోతుంది.

అర్బానా_తెలుగు | శనివారం, రాత్రి 9:20

తెలుగులో హాల్ అనగానే నాకో పెద్ద ప్రశ్న వచ్చింది. ఇంగ్లీషులో "యు" ఒక్కటే, దాటేయొచ్చు. తెలుగులో హాల్ ఓడలోని మనుషుల్ని "నువ్వు" అంటుందా, "మీరు" అంటుందా?

గొంతు కోసం కుబ్రిక్ కూడా తిరిగి తిరిగి వెతుక్కున్నారు. ముందు మార్టిన్ బాల్సమ్ చేత చెప్పించి, అది పక్కన పెట్టి, కెనడా రంగస్థల నటుడు డగ్లస్ రెయిన్ దగ్గరికి వెళ్ళారు. ఎక్కడా కోపం లేని, ఎక్కడా తొందర లేని గొంతు అది.

చంద్రిక_బడి | శనివారం, రాత్రి 9:50

"నువ్వు" అంటే స్నేహితుడవుతాడు. "తమరు" అంటే పౌరాణిక నాటకం. "మీరు" అనే అనాలి. మన ఇళ్ళల్లో బాగా కోపమొచ్చిన పెద్దవాళ్ళు ఉన్నట్టుండి "మీరు" అని మొదలుపెడితే వెన్నులో చలి పుడుతుంది కదా. హాల్ మొదటి నుంచీ చివరి దాకా ఆ "మీరు"లోనే ఉంటుంది. నేను రికార్డు చేసిన మొదటి వాక్యం ఇది: "మీరు తలుపు వేయడం మరిచిపోయారు. పరవాలేదు, నేను వేశాను." మా ఎనిమిదో తరగతి పిల్లాడి చేత చదివించాను. వాడి గొంతు ఇప్పుడిప్పుడే మారుతోంది, పెద్దా కాదు చిన్నా కాదు. రెండో సారికి గదిలో అందరూ మాటలు ఆపేశారు.

ఎర్రదీపం | శనివారం, రాత్రి 10:30

"పరవాలేదు, నేను వేశాను." ఇది చదివి మా తలుపు వైపు చూశాను. నాది మాట్లాడనిదే అయినా, ఈ వాక్యం దాని వెనక పలక మీద పెన్నుతో రాసి పెట్టుకుంటాను.

అద్దిల్లు (బెంగళూరు) | ఆదివారం, ఉదయం 9:00

గోడకి ఎలా పెడుతున్నారో కూడా రాయండి. నేను పెట్టిన వేరే ప్యానెల్ డబుల్ టేపుతో నెల రోజులుండి, ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఊడి పడింది. మూల నొక్కుకుపోయింది. ఓనరు మేకు కొట్టనివ్వరు.

ఎర్రదీపం | ఆదివారం, మధ్యాహ్నం 12:15

నాది తూకం వేస్తే రెండు కిలోల రెండు వందలు. టేపు మీద పెట్టే బరువు కాదు. మీ ఇంట్లో ఓనరు ఒప్పుకోకపోతే పుస్తకాల అలమరలో నిలబెట్టండి, వెనక ఒక చెక్క ఆనించి. నేను 8 మి.మీ. డ్రిల్లు, రెండు ప్లగ్గులు, రెండు స్క్రూలు వాడాను, ఫ్రేమ్ వెనక తాళం కన్నం ఆకారంలో బొక్కలు.

ఏ గోడ అన్నది తేల్చుకోవడానికి చాలా తంటాలు పడ్డాను. మొదట ముందుగదిలో టీవీ పక్కన పెట్టాను. ట్యూబ్‌లైటు, ఫ్యాను, కిటికీ అన్నీ అద్దంలో కనిపించి కన్ను లోపలికి చూపు పోలేదు. ప్రతిబింబం పూర్తిగా లేకపోయినా బాగుండదు, సినిమాలో ఆ కంటిలో ఎదుటి మనిషి నీడ కనిపించే షాట్ ఉంది. రెండో చోటు బాల్కనీకి ఎదురు. దాన్ని బాబాయ్ గారు ఫోన్లో ఒక్క మాటతో ఆపేశారు. సాయంత్రం ఎండ ఆ అద్దం మీద పడితే, 6 సెంటీమీటర్ల దగ్గర నాలుగింతలై జిలటిన్ మీద పడుతుందట. అద్దం జిలటిన్ నుంచి కొంచెం దూరం జరిగితే ఇంకా ఎక్కువ. భూతద్దంతో కాగితం కాల్చడం చిన్నప్పుడు అందరం చేసినదే కదా, ఇంట్లో గోడ మీద అదే పెట్టబోయాను. గాజు లెన్సు పెట్టేవాళ్ళందరూ దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. నేరుగా ఎండ పడే చోటు వద్దు. పగలు ఇంట్లో లేకపోతే ఒక గుడ్డ కప్పండి.

మూడోది వంటింటి వెనక గోడ. దానికి నెమ్ము, వానాకాలం పెచ్చులూడుతుంది.

చివరికి పడకగదుల మధ్య నడవా. కిటికీ లేదు, రాత్రి చీకటి. కానీ అది మా అమ్మ గదికి ఎదురు. అమ్మకి డెబ్బై ఆరు. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు ఎర్రగా ఎవరో చూస్తున్నట్టుంటే ఎలా అని భయపడి ముందే అడిగాను. వచ్చి ఎదురుగా చాలాసేపు నిలబడింది. "ఇది రెప్ప వేయదా?" అంది. వేయదమ్మా అన్నాను. "అయితే ఇంకొంచెం కిందకి పెట్టు. రాత్రి నాకు దారి కనిపిస్తుంది." అందుకని కన్ను నేల నుంచి నాలుగడుగుల ఎత్తున ఉంది, నిలబడ్డవాళ్ళ కంటి ఎత్తున కాదు. ఇంటికొచ్చినవాళ్ళు సీసీ కెమెరా అనుకుంటున్నారు. కాదని ముందే చెప్తున్నాను, అనుమానంతో ఎవరూ మా ఇంట్లో కూర్చోకూడదు.

లేత్‌మిషిన్ | ఆదివారం, సాయంత్రం 6:30

అన్నా, నిన్న మా నాయినను తోలుకొని మీ ఇంటికి వచ్చినం కదా. ఇంటికొచ్చినంక నా చెయ్యి పట్టుకొని "ఆ రింగు నువ్వే తీసినవా? ఫినిష్ మంచిగున్నది" అన్నడు. పద్దెనిమిదేండ్ల సంది లేత్ మీద ఉన్న. ఆయన నోటి నుంచి ఆ మాట ఇదే మొదలు.

పాతస్టూడియో | సోమవారం, ఉదయం 5:50

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను నాయనా. నాకొక సందేహం. అంచున ఉన్న గీత ఏ వైపు పెట్టారు? అది మా స్టూడియో మొదటి సంవత్సరం, 1983లో, నా చేతిలోంచి పట్టకారు జారి పడింది. పాలిష్ పట్టిస్తే పోతుందని చాలామంది అన్నారు. పట్టించలేదు. మీరు పట్టించాలనుకుంటున్నారేమో అని అడుగుతున్నాను.

ఎర్రదీపం | సోమవారం, ఉదయం 6:15

పట్టించను బాబాయ్ గారూ. కింది వైపు, గడియారంలో అయిదు అంకె ఉండే చోట ఉంచాను. పగలు కనిపించదు. రాత్రి మిగతా లైట్లన్నీ ఆర్పాక, ఎరుపు దాని మీదుగా జారి, వెంట్రుకంత సన్నటి గీత ఒకటి వెలుగుతుంది. అమ్మ నిన్న రాత్రి దాన్ని చూసి, అక్కడ దీపం వత్తి పెట్టావా అని అడిగింది.